కంచం మధ్యలో పేరు

మొన్న మంగళవారం పొద్దున దుకాణంలో జాకెట్ బట్ట కత్తిరిస్తుంటే ఫోన్ మోగింది. సత్తెమ్మక్క. మా ఇంట్లో వంట ఆమెదే, వయసులోనూ మా అందరికంటే పెద్దది. ఫోన్ ఎత్తితే పక్క వీధికి వినపడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు మెల్లగా అంది. "అమ్మ లేదే ఎల్లమ్మా. ఇప్పుడే డాక్టర్ చెప్పిండు. జర జల్ది రా." నేను "వస్తున్న" అని ఫోన్ పెట్టేసి, గీత గీసినంత మేరా కత్తిరించి, బట్ట మడతపెట్టి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. సగం కోసిన బట్ట వదిలి లేవకూడదని నేర్పింది ఆవిడే మరి.

ఆవిడను మేం వార్డెనమ్మ అనేవాళ్లం. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు ఏళ్ల తరబడి వార్డెన్. కృష్ణా జిల్లాలో ఒక బడి పంతులుగారి కూతురు. ఆదివారం చర్చి, మిగతా రోజులు హాస్టల్, అంతే ఆవిడ జీవితం. పెళ్లెందుకు చేసుకోలేదమ్మా అని ఒకసారి అడిగితే, "హాస్టల్ నిండా ఆడపిల్లలే. ఒక్కదానికి జ్వరం, ఒక్కదానికి ఏడుపు, ఒక్కదానికి ప్రేమ. నాకు తీరికెక్కడిదే?" అన్నారు. రిటైరయ్యాక ఊరికి వెళ్లిపోతారని అందరూ అనుకుంటే, తార్నాకలో ఒక సందులో పాత ఇల్లు అద్దెకు తీసుకుని మాలాంటివాళ్లను చేరదీయడం మొదలుపెట్టారు.

మాలాంటివాళ్లంటే ఎవరో చెప్పాలి కదా. ఒళ్లమ్ముకుంటే తప్ప బతకనివ్వని చోట్ల నుంచి బయటపడినవాళ్లం. పేపర్లవాళ్లు ఆ చోట్లకు పెద్ద పెద్ద మాటలు వాడతారు, చదివితే మాకే అర్థం కాదు. మేం మాత్రం 'గాడ' అనుకుంటాం, అక్కడ అని. గాడ ఉన్నప్పుడు, గాడికెళ్లి వచ్చినంక. అంతకంటే ఎక్కువ ఒకరినొకరం అడగం, అది ఆ ఇంటి పద్ధతి. ఆ ఇంట్లో ఉండటానికి చోటు, తినటానికి అన్నం, నేర్చుకోవటానికి కుట్టుపని ఉండేవి. నేనిప్పుడు తార్నాకలో సొంతంగా దుకాణం పెట్టుకుని బతుకుతున్నానంటే అక్కడ తొక్కిన మిషన్ పుణ్యమే.

ఆవిడను ఇంటికి తెచ్చిన మర్నాడు మధ్యాహ్నం భూస్థాపన. అందరం బయల్దేరుతున్నాం. వారం కింద కొత్తగా వచ్చిన ఒకామె మాత్రం వంటింట్లో గోడకానుకుని కూర్చుంది, లేవలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. వచ్చిన దగ్గర్నుంచి నాలుగు మాటలు మాట్లాడలేదు. "నేను రాను" అన్నది ఐదో మాట. సత్తెమ్మక్క నన్ను పక్కకు లాగింది. "దీన్నొక్కదాన్నే ఇడిచిపెట్టి పోతే మనం వచ్చేసరికి ఉంటదా? నిన్నటి సంది గేటు దిక్కే చూస్తున్నది. బయటికెల్లి తాళమేసి పోదాం. రెండు గంటలే గదా," అంది. అందరూ నా ముఖం చూశారు. అమ్మ ఉన్న పెట్టెను వ్యాన్‌లో ఎక్కించారు, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

నేనేం చెప్పానో తర్వాత చెప్తాను. ముందు ఆ తాళం సంగతి మీకు తెలియాలి.

హాస్టల్లో రాత్రి ఎనిమిదింటికి గేటుకు తాళం వేయడం వార్డెనమ్మ డ్యూటీ. మెడలో విజిల్ ఉండేదట. విజిల్ ఊదితే క్యాంపస్ చెట్ల కింద కూర్చున్న జంటలన్నీ ఉలిక్కిపడేవని ఆవిడే చెప్పి నవ్వేవారు. ఆ విజిల్ మా ఇంటికీ తెచ్చారు, కుక్కర్ మాడినప్పుడు మా మీద ఊదేవారు. కానీ మా ఇంటి గేటుకు తాళం ఎప్పుడూ లోపలివైపే. తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటుంది. ఆ మేకును కూడా పొట్టివాళ్లకు అందే ఎత్తులోనే కొట్టించారు. బయట నుంచి ఎవరైనా రావాలంటే లోపలివాళ్లను అడగాలి, లోపలివాళ్లు వెళ్లాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు.

ఎందుకలాగని నేను అడిగాను. గౌను అంచు కుడుతూ తలెత్తకుండానే చెప్పారు. "ఒకరోజు ఒక పిల్ల ఎనిమిది దాటాక వచ్చింది. ఎవరో వెనకాల వస్తున్నారమ్మా, తియ్యండి అంది. రోజూ చెప్పే సాకే అనుకున్నా. రూలు రూలే, నీ బంధువులింటికి పోయి పొద్దున రా అన్నా." సూదిలో దారం అయిపోయింది. ఇంకో దారం ఎక్కించుకున్నారు. "పొద్దున రాలేదు. మళ్లీ రాలేదు. పెట్టె కూడా వాళ్ల నాన్న వచ్చి పట్టుకుపోయాడు. ఆ గేటు తాళం చల్లదనం ఇప్పటికీ చేతికి తెలుస్తానే ఉంటుందే." ఆ సంగతి ఆవిడ మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

హాస్టల్ నుంచి తెచ్చిన ఇంకో పద్ధతి కంచాలు. మెస్‌లో రాత్రి భోజనానికి ఉండనివాళ్లు ముందే చెప్పాలి, లేకపోతే అన్నం పారేయాల్సి వస్తుంది. ఆవిడ అన్నం పారేయడం చూడలేరు. అందుకని మా వంటింట్లో ఒక రూలు: కంచాలన్నీ అరుగు మీద వరసగా వెల్లకిలా ఉండాలి. రాత్రికి తినేది లేదంటే కంచం బోర్లించి వెళ్లాలి. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఇవేవీ అడగరు. సాయంత్రం సత్తెమ్మక్క వెల్లకిలా ఉన్న కంచాలు చూసి బియ్యం పోస్తుంది.

ఆ కంచాల మీద పేర్లుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు కాస్త కుదుటపడ్డాక వార్డెనమ్మ గొడుగు పట్టుకుని, ఎండైనా వానైనా అదే గొడుగు, సీతాఫల్‌మండిలో స్టీలు సామాన్ల దుకాణానికి నడిపించుకెళ్తారు. కంచం కొని పేరు చెక్కిస్తారు. అప్పటిదాకా ఎవరూ పేరు అడగకూడదు. నా వంతు వచ్చినప్పుడు దుకాణం ఆయన చెక్కే మిషన్ చేతిలో పట్టుకుని "ఏం పేరు కొట్టాలమ్మా?" అన్నాడు. గాడ నాకో పేరు పెట్టారు, సినిమాలో హీరోయిన్ పేరు లాంటిది. అది ఇక్కడ రాయను. ఆ రోజు నాలుక చివరిదాకా అదే వచ్చింది. వార్డెనమ్మ తనకేమీ పట్టనట్టు రోడ్డు మీద జామపళ్ల బండి వైపు చూస్తున్నారు. చాలాసేపు నిలబడ్డాక "ఎల్లమ్మ" అన్నాను. మా నాయనమ్మ పెట్టిన పేరు. బడిలో అందరూ ఎక్కిరిస్తే ఆ పేరు మీద అలిగి అన్నం మానేసినదాన్ని, ఆ రోజు ఆ మూడక్షరాలు పలకగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంచు మీద కొట్టాల్నా?" అన్నాడాయన.

"మధ్యలో కొట్టు బాబూ," అన్నారు వార్డెనమ్మ. "అంచు మీద కొడితే కంచం ఎవరిదో ఊరందరికీ తెలుసుద్ది. మధ్యలో కొడితే అన్నం తినేశాక దాని పేరు దానికి కనపడుద్ది. మాకు అదే కావాలి."

తిరిగొచ్చేటప్పుడు రెండు జామపళ్లు కొని, ఉప్పూ కారం ఎక్కువ వేయించినది నాకిచ్చారు. ఆవిడ కంచం మాత్రం కొన్నది కాదు. హాస్టల్ మెస్‌లోది, మధ్యలో 'వార్డెన్' అని ఉంటుంది. రిటైరైన రోజు చీరల మధ్య పెట్టుకుని తెచ్చేశారట. "జన్మలో నేను చేసిన దొంగతనం ఇదొక్కటే, ప్రభువు క్షమించేశాడు," అనేవారు. ఒక్కటే అన్నది నిజం కాదు. క్యారమ్స్ ఆడేటప్పుడు మేం అటు తిరగగానే రెడ్డు కాయిన్‌ను చిటికెన వేలితో గుంత దగ్గరికి జరిపేవారు. పట్టుకుంటే "దేవుడే జరిపాడే" అనేవారు.

కంచం వచ్చింది కానీ నా మనసు కుదురుకోలేదు. అక్కడ చేరి నెల కూడా కాలేదు. మిషన్ మీద కాలు నిలవదు, తొక్కితే వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది. నాతోపాటు వచ్చినవాళ్లు కుచ్చిళ్లు పోసేస్తుంటే నేను పాత బట్ట మీద సూటిగా ఒక గీత కుట్టలేకపోతున్నాను. ఆ రోజుల్లోనే గాడ మమ్మల్ని పెట్టుకున్న ఆమె ఎట్లనో నంబర్ సంపాదించి ఫోన్ చేసింది. తిడితే బాగుండేది. "ఎన్ని దినాలుంటవు బిడ్డా గట్ల? నీ పెట్టె ముట్టుకోలే. నీ మంచం గట్లనే ఉన్నది," అంది. ఆ ప్రేమ ఎంత అబద్ధమో నాకు తెలుసు. తెలిసినా నాకోసం ఒక మంచం ఉందన్న మాటే చెవిలో ఉండిపోయింది.

వార్డెనమ్మ పని మీద క్యాంపస్‌కు వెళ్లిన ఒక మధ్యాహ్నం బట్టలు మూట కట్టాను. మేకు మీద తాళంచెవి లేదు. సత్తెమ్మక్కా మిగతావాళ్లూ కలిసి గేటుకు తాళం వేసి, చెవి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి, గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నేను అరిచాను, గేటు గుద్దాను, అందరినీ బూతులు తిట్టాను. ఒక్కరూ లేవలేదు. వాళ్లలో తాళం వేసిన గదిలో ఉండనివాళ్లు ఒక్కరూ లేరు. అయినా వేశారు, నా మీద ప్రేమతోనే వేశారు.

ఎండలో గొడుగు వేసుకుని వార్డెనమ్మ వచ్చి గేటు అవతల నిలబడ్డారు. మేం లోపల, ఆవిడ బయట.

"తాళం ఎవరేశారు?"

"దాని మంచికేనమ్మా," అంది సత్తెమ్మక్క. "మల్ల గాడికే పోతనంటున్నది."

"అక్కడ కూడా మీ మంచికే అని చెప్పి వేశారు. మర్చిపోయారా?"

అంత మెల్లగా ఆవిడ కోప్పడటం నేను మళ్లీ చూడలేదు. సత్తెమ్మక్క బియ్యమంతా చాటలో కుమ్మరించి చెవి వెతికి తెచ్చి తాళం తీసింది. వార్డెనమ్మ లోపలికి వచ్చి గొడుగు మూసి, నా మూట వైపు చూశారు. వెళ్లొద్దని అంటారనుకున్నా. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో సిద్ధం చేసుకున్నా కూడా.

"వెళ్తున్నావా? సరే. రాత్రికి అన్నానికి ఉంటావా, ఉండవా? ఉండకపోతే కంచం బోర్లించి వెళ్లు. బియ్యం పొయ్యాలి."

నేను వంటింట్లోకి పోయి అందరికీ వినపడాలని కంచం ఠంగుమని బోర్లించి బయటపడ్డాను.

సీతాఫల్‌మండి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. ఒక రైలు పోయింది. ఇంకోటి పోయింది. ఎక్కలేదు. నా బతుకులో నన్ను ఎప్పుడొస్తవని అడిగినవాళ్లున్నారు, ఎంతసేపుంటవని అడిగినవాళ్లున్నారు. రాత్రికి తింటావా అని అడిగినవాళ్లు మా నాయనమ్మ పోయాక ఎవరూ లేరు. ఈపాటికి బియ్యం కడుగుతుంటారు, నా వంతు తీసేసి కడుగుతుంటారు అనుకుంటే ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ తర్వాత ఆకలేసింది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ ఆ గేటు ముందే ఉన్నాను. గడియ కూడా పెట్టలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా కంచం తిప్పుదామని వంటింట్లోకి వెళ్తే, అది అప్పటికే వెల్లకిలా ఉంది.

"ఎవరు తిప్పిన్రు?" అన్నాను.

వార్డెనమ్మ బీరకాయలు చెక్కు తీస్తూ శ్రుతి లేకుండా ఏదో కీర్తన పాడుతున్నారు. "చెయ్యి తగిలి తిరిగినట్టుందే," అన్నారు తలెత్తకుండా. ఆవిడకు అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు.

అందరూ నాలాగా తిరిగొచ్చారని చెప్పను. వెళ్లినవాళ్లు వెళ్లారు. కొందరు నెలల తర్వాత వచ్చారు, ఇద్దరు ముగ్గురు రానేలేదు. వాళ్ల కంచాలను ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు. దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీద నుంచి దింపించి తోమించి మళ్లీ పైన పెట్టించేవారు. "వెళ్లినదానికి దారి తెలుసు కదే, అదే దారిన రావచ్చు," అనేవారు. ఆ మాట అన్న రోజు మాత్రం క్యారమ్స్‌కు పిలిచినా వచ్చేవారు కాదు.

మా పెద్ద పని క్యాంపస్ గౌన్లు. పట్టాలు ఇచ్చే పండగకు పిల్లలు వేసుకునే నల్ల గౌన్లు కుట్టే పని పాత పరిచయాల మీద పట్టుకొచ్చారు. కుట్టినదాన్ని కుట్టినవాళ్లే వేసుకుని చూపించాలి. "చెయ్యెత్తు. చంకలో పట్టేస్తుందా? ఇప్పుడు పట్టా అందుకుంటున్నట్టు చెయ్యి చాపు. నవ్వవే, ఫొటో తీస్తారక్కడ." మూడో తరగతి దాటని సత్తెమ్మక్క గౌను వేసుకుని చేతిలో గరిటెతో వరండా అంతా నడిచి, "నేను పప్పుచారుల డాక్టర్‌ను," అంటే పడీపడీ నవ్వాం. తర్వాతెప్పుడో దూరవిద్యలో నేను డిగ్రీ ముగించాను. పట్టా పోస్టులో వచ్చింది. కవరు చింపుతుండగానే వార్డెనమ్మ గౌన్ల కుప్పలోంచి ఒకటి తీసి నాకు తొడిగి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, ఆ చివర నిలబడి విజిల్ ఊదారు. పక్కింటివాళ్లు కుక్కర్ మాడిందనుకున్నారు.

ఆ పక్కిళ్లవాళ్లే మొదట్లో ఇల్లు ఖాళీ చేయించాలని గుంపుగా వచ్చారు. "ఎట్లాంటోళ్లను పెట్టిన్రు మేడమ్? మా ఇండ్లల్ల ఆడపిల్లలున్నరు," అన్నాడు వాళ్ల పెద్ద. ఆవిడ అందరికీ టీ ఇప్పించి, "మా ఇంట్లోనూ ఉన్నది ఆడపిల్లలేనండీ," అన్నారు. ఆ వచ్చినాయన భార్య జాకెట్లు ఇప్పటికీ నా దుకాణంలోనే కుట్టిస్తుంది, మెడ ఎప్పుడూ వదులైందంటుంది.

బతుకమ్మ పండగొస్తే ప్రార్థనకు వెళ్లే ఈ మనిషే మాకంటే ముందు లేచేవారు. క్యాంపస్ వెనక పొదల్లోకి మమ్మల్ని తీసుకుపోయి, గొడుగు వంకీతో తంగేడు కొమ్మలు వంచి పట్టుకుని "జల్ది కోయండే, చెయ్యి లాగుతుంది" అనేవారు. హైదరాబాదులో ఇన్నేళ్లున్నా ఆవిడ నేర్చిన తెలంగాణ మాట ఆ ఒక్క 'జల్ది'యే. మేం మేడ మీద ఆడుతుంటే కుర్చీ వేసుకుని చప్పట్లు కొట్టేవారు, ఒక్క చప్పట కూడా పాటకు కుదిరేది కాదు. ఈ ఏడు తంగేడు కొమ్మలు ఎవరు వంచుతారో తెలియదు.

పోయిన శుక్రవారం ఆయాసమొచ్చి ఆటోలో ఆస్పత్రికి బయల్దేరుతూ కూడా వంటింట్లోకి తొంగిచూశారట. తన కంచం బోర్లించలేదు. "సాయంత్రానికి వచ్చేస్తా, చారు పెట్టు," అన్నారట సత్తెమ్మక్కతో. ఆ నాలుగు రోజులూ సత్తెమ్మక్క ఆ కంచాన్ని కడిగి, తుడిచి, వెల్లకిలానే పెడుతూ వచ్చింది. ఆవిడ పోయాక కూడా దాన్ని బోర్లించడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం నేనేం చెప్పానో చెప్తాను. మేకు మీద నుంచి తాళంచెవి తీసి, గోడకానుకుని కూర్చున్న ఆ కొత్తామె చేతిలో పెట్టాను. "మేం అమ్మను సాగనంపి వస్తం. నువ్వు ఉంటవో పోతవో నీ ఇష్టం. రాత్రికి తిననట్టయితే నీ కంచం బోర్లించి పో," అన్నాను. వ్యాన్ సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది, ఆమెకు ఇంకా కంచమే లేదు. వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలకు పెట్టే ప్లేటులో తింటోంది. దుకాణానికి తీసుకెళ్లేలోపే వార్డెనమ్మ మంచాన పడ్డారు. లేని కంచం బోర్లించమని చెప్పి వచ్చాను! సమాధి దగ్గర అందరూ పాడుతున్నారు, నా నోట పాట రాలేదు. ఆవిడ పోయిన మర్నాడే ఆవిడ ఇంట్లోంచి ఒక మనిషి పోతుందేమో, దానికి తాళంచెవి చేతికిచ్చింది నేనే అవుతానేమో అన్న భయమే.

తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతోంది. గేటు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి మళ్లీ మేకు మీద వేలాడుతోంది. వరండాలో ఎవరూ లేరు, గదిలోనూ లేరు. సత్తెమ్మక్క నా వైపు ఒక చూపు చూసింది. అంతలో వంటింట్లోంచి గంజి వాసన వచ్చింది.

అన్నం వార్చి, చారు కాచి ఉంది. మా కంచాలన్నీ కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. ఆ చివర ఆమె నిలబడి, వార్డెనమ్మ కంచాన్ని రెండు చేతులా పట్టుకుని మా కోసమే చూస్తోంది.

"అక్కా, గిది బోర్లియ్యాల్నా?" అంది.

సత్తెమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఏదో ఒకటి చెప్పాలి, చెప్పాల్సింది నేనే.

"వద్దు," అన్నాను. "గట్లనే ఉండనీ. ఇంకా పేరు కొట్టించుకోనోళ్లు, కొత్తగ వచ్చినోళ్లు అందుల తింటరు."

ఆమె కాసేపు ఆ కంచం లోపలికి చూసింది.

"కొత్తదాన్ని నేనే గదక్కా," అంది.

శుభ్రంగా ఉన్న కంచాన్నే ఇంకోసారి కడిగి, చున్నీ అంచుతో తుడిచి, అన్నం పెట్టుకుని చారు పోసుకుంది. గడప మీద కూర్చుని, మేమందరం చూస్తున్నామన్న ధ్యాస కూడా లేకుండా తినసాగింది. పాపం, పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. అన్నం తరిగేకొద్దీ కంచం మధ్యలో అక్షరాలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.